ముందు వాసన చూడండి, తర్వాత రేటు అడగండి

ఈ నెల ఉత్తరాల్లో సగం పైన తిండి గురించే వచ్చాయి, బజారు, బండి, పెద్ద షాపు, అమెరికా సంత కూడా. అన్నీ వేసుకోలేకపోయాను, కొన్నింటికి జవాబులు ఇవిగో.

ప్రశ్న: మేడమ్, మా ఇంటికి దగ్గర్లోనే రైతుబజార్ ఉంది, కానీ పది నిమిషాల్లో తెచ్చే యాప్‌కి అలవాటు పడిపోయాం. మా అత్తగారు మాత్రం ఆ కూరల్లో రుచే లేదు అంటారు. నిజంగా అంత తేడా ఉంటుందా? వెళ్తే ఎప్పుడు వెళ్ళాలి, అక్కడ అసలు రైతు ఎవరో ఎలా తెలుస్తుంది?
— ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

మీ అత్తగారికి ముందు నా నమస్కారం చెప్పండి. ఆవిడ మాట నిజం, కాకపోతే అన్ని కూరలకీ కాదు. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, కంద, గుమ్మడికాయ యాప్‌లో తెప్పించుకున్నా ఏం కాదు, అవి ఎలాగూ నిల్వ ఉండే సరుకే కదా. తేడా వచ్చేది ఆకుకూరలు, వంకాయ, టమాటా, బెండ, చిక్కుడు దగ్గర. తోటకూర కోసిన దగ్గర్నుంచే నీరు పోగొట్టుకుంటూ ఉంటుంది. వంకాయకి మరీ చల్లదనం పడదు, కోల్డ్ రూమ్‌లో రెండు మూడు రోజులుంటే పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది గానీ కోస్తే లోపల గింజలు నల్లబడి ఉంటాయి, గుత్తివంకాయ వండుదామని కూర్చున్నాక అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. టమాటా కూడా అంతే, చల్లగా పెట్టిన కొద్దీ వాసన చచ్చిపోతుంది, రంగు మాత్రం ఉంటుంది, అందుకే చారు కాస్తే పులుపు తప్ప ఇంకేం తెలీదు.

టైమ్ అంటారా, ఆకుకూరల కోసమైతే ఉదయం ఏడు లోపు వెళ్ళండి. తడి గోనెసంచి కప్పి తెచ్చిన కట్టలు అప్పుడే దించుతుంటారు, మెంతికూర వాసన నాలుగు అడుగుల దూరం నుంచే వస్తుంది, ఆ వాసన కోసమైనా వెళ్ళాలనిపిస్తుంది నాకు. సాయంత్రం రేటు కొంచెం దిగొచ్చు గానీ అప్పటికి మంచివన్నీ ఏరుకుపోయి ఉంటారు.

ఇక రైతుని గుర్తుపట్టడం. ఈ బజార్లు 1999 జనవరి 26న హైదరాబాద్ మెహదీపట్నంలో మొదలయ్యాయి, మధ్యలో దళారి లేకుండా పండించినవాడే తెచ్చి అమ్ముకోవాలని. అందుకే రైతుకి ఫోటో ఉన్న గుర్తింపు కార్డు ఇస్తారు, రేట్లు హోల్‌సేల్ కంటే కాస్త ఎక్కువ, బయట షాపుల కంటే తక్కువ ఉండేలా పెట్టి రోజూ ఉదయం బోర్డు మీద రాస్తారు. లోపలికి వెళ్ళగానే ముందు ఆ బోర్డు చదవండి, చాలామంది దాని పక్క నుంచే నడిచి వెళ్ళిపోతారు. కార్డు సంగతి పక్కన పెట్టినా నాకు తెలిసిన గుర్తు ఒకటుంది, రైతు దగ్గర ఒకేసారి రెండు మూడు రకాలే ఉంటాయి, ఇవాళ బీరకాయలు, సొరకాయలు, ఓ పది కొత్తిమీర కట్టలు, అంతే. ఇరవై రకాలు రంగులవారీగా పేర్చి కూర్చున్నాయన చాలావరకు కొని తెచ్చినవే అమ్ముతాడు. ఏ ఊరు పెద్దాయనా, ఎప్పుడు కోశారు, ఇంకెన్ని రోజులు కాపు ఉంటుంది అని అడగండి, నిజంగా పండించినవాళ్ళు ఎంత సంతోషంగా చెప్తారో. నేను మామూలుగా కొనే ఒకావిడ చుక్కకూర చేతిలో పెట్టి, "ఇది ఇవాళే వండుకో అమ్మా, రేపటికి ఉంచకు" అని చెప్తుంది, ఏ యాప్ చెప్తుందండీ ఆ మాట.

ఒక్కటి మాత్రం చేయకండి. బెండకాయ లేతదో కాదో చూడ్డానికి చివర్లు విరిచి అక్కడే పడేసి పోతారు కొంతమంది, విరిగినవి తర్వాత ఎవరూ కొనరు, ఆ నష్టం ఆ రైతుదే. చివర వేలితో మెల్లిగా వంచి చూస్తే చాలు, లేతదైతే తెలిసిపోతుంది. వంకాయకి ముచిక చూడండి, పచ్చగా ముళ్ళు గుచ్చుకునేలా ఉంటే కొత్తది. మామిడిపండుకి తొడిమ దగ్గర వాసన చూడండి. ఒళ్ళంతా ఒకే పసుపుతో మెరుస్తూ వాసన లేకపోతే వదిలేయండి, దాని మీద మందు పని చేసింది గానీ ఎండ పని చేయలేదు. కార్బైడ్ అనే ఆ మందుతో కాయల్ని మగ్గబెట్టడం చట్ట ప్రకారం నిషేధం, అయినా చేసేవాళ్ళు చేస్తూనే ఉన్నారు.

ప్రశ్న: మా పిల్లలకి బండి మీద ఇడ్లీ, సాయంత్రం మిరపకాయ బజ్జీ అంటే ప్రాణం. మా ఆయన రోడ్డు మీద తిండి వద్దే వద్దంటారు. ఇంట్లో రోజూ గొడవే. మీరైతే తింటారా?
— ఒక తల్లి, గుంటూరు

తింటానమ్మా, ఇష్టంగా తింటాను. మీ ఆయన భయం కూడా తప్పు కాదు, ఒకసారి పేరున్న చోటే తిని రెండు రోజులు మంచం పట్టాను, అది ఇడ్లీ వల్ల కాదు, చట్నీ వల్ల. ఇడ్లీ అనేది ఆవిరి మీద ఉడికి పొగలు కక్కుతూ ప్లేట్లో పడేది, దానంత భద్రమైన బయటి తిండి ఇంకోటి లేదనుకుంటాను. సమస్యంతా చట్నీలో పోసే నీళ్ళు, ప్లేటు కడిగే బకెట్టు. అందుకే నేను బండి దగ్గర నిలబడి ముందు ఇడ్లీని చూడను, బకెట్టుని చూస్తాను. నీళ్ళ క్యాన్ మూత పెట్టి ఉందా, చట్నీ గిన్నె ఎండలో నోరు తెరుచుకుని ఉందా, ప్లేటు మీద ఆకో కవరో వేసి ఇస్తున్నాడా, ఇవే. బండి తెరిచిన మొదటి రెండు గంటల్లో వెళ్ళండి, జనం ఎక్కువున్న బండికే వెళ్ళండి, సరుకు ఎప్పటికప్పుడు అయిపోతుంటే పాతది మిగిలే ప్రసక్తే ఉండదు. అనుమానం ఉన్న చోట పిల్లలకి చట్నీ మానిపించి కారప్పొడి నెయ్యితో పెట్టించండి. విజయవాడ గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్ ఇడ్లీ మీద వెన్న, కారప్పొడి పడ్డాక చట్నీ గుర్తొచ్చినవాళ్ళని నేనైతే చూడలేదు.

బజ్జీల దగ్గర నూనె చూడాలి. మూకుడులో నూనె నల్లగా చిక్కబడి, బజ్జీ వేయకముందే పొగ, వేశాక పైన నురగ కడుతుంటే అది ఎన్నోసార్లు కాగిన నూనె, అక్కడ్నుంచి వచ్చేయండి. మరిగించిన కొద్దీ నూనెలో పుట్టే చెడు పదార్థాలు 25 శాతం దాటితే ఇక వాడకూడదని, ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రూల్ కూడా ఉంది, మన దగ్గర మీటర్ ఉండదు కాబట్టి కళ్ళూ ముక్కే మనకి మీటరు. ఇంకో మాట, బజ్జీలు న్యూస్‌పేపర్లో పెట్టించుకోవద్దు, వేడి నూనెకి ఆ ఇంకు అంటుకుంటుంది. ఇంటి నుంచి ఒక స్టీలు డబ్బా, సాంబారుకి ఒక చిన్న క్యాన్ పట్టుకెళ్ళండి, మరిగే సాంబారు పల్చటి ప్లాస్టిక్ కవర్లో పోసి ముడేసి ఇవ్వడం చూస్తే నాకు మనసు ఒప్పదు. డబ్బా పట్టుకెళ్తే బండివాళ్ళు ఏమీ అనుకోరు, నాకైతే ఒక గరిటె ఎక్కువే పోస్తారు.

ప్రశ్న: హోటల్ బిల్లులో సర్వీస్ ఛార్జ్ 10 శాతం వేశారు. అడిగితే రూల్ అన్నారు. నిజమేనా?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

కాదండీ. జీఎస్టీ ప్రభుత్వ పన్ను, అది కట్టాలి, మామూలు రెస్టారెంట్లలో 5 శాతం. సర్వీస్ ఛార్జ్ పన్ను కాదు, మీ ఇష్టం. బిల్లులో దానంతట అదే కలపకూడదని వినియోగదారుల రక్షణ అథారిటీ 2022 జులైలోనే చెప్పింది, దాన్ని ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో సమర్థించింది కూడా. తీసేయమని మర్యాదగా అడగండి, తీయకపోతే 1915 నంబరుకి ఫోన్ చేసి కంప్లైంట్ ఇవ్వొచ్చు. వడ్డించిన అబ్బాయి బాగా చూసుకుంటే మాత్రం టిప్పు నేరుగా అతని చేతిలో పెట్టండి, అది మర్చిపోవద్దు.

ప్రశ్న: కొత్తగా ఉద్యోగం వచ్చింది, జూబ్లీహిల్స్ వైపు పెద్ద గౌర్మే షాపుకి వెళ్తే కళ్ళు తిరిగాయి. ఆలివ్ ఆయిల్, పింక్ సాల్ట్, చీజ్, తేనె, కోల్డ్ ప్రెస్డ్ నూనెలు. నెలకి రెండు మూడు వేలు మంచి సరుకు మీద పెట్టాలని ఉంది. ఏవి కొనొచ్చు, ఏవి వద్దు?
— ఒక తమ్ముడు, హైదరాబాద్

మొదటి జీతాల్లోంచి మంచి సరుకు కొనాలనుకోవడం నాకు భలే నచ్చింది తమ్ముడూ. ఒక్కటే అడుగుతాను, ఆ డబ్బు నీ నాలుకకి తెలిసే చోట పెట్టు, బాటిల్ అందానికి పెట్టకు.

ఆలివ్ ఆయిల్ కొంటే ఎక్స్‌ట్రా వర్జిన్ కొను, ముదురు రంగు గాజు సీసాలో ఉన్నది, చిన్న సీసా. వెలుతురూ గాలీ తగిలితే అది పాడవుతుంది, లీటరు డబ్బా కొని ఏడాది వాడితే ఆఖర్లో మిగిలేది మక్కిన వాసనే. పచ్చిగా సలాడ్ మీద, రొట్టె మీద పోసుకుంటేనే దాని ఘాటు తెలుస్తుంది. గారెలు వేయడానికి, పోపుకి మనకి అది అనవసరం. పోమేస్ అని రాసి ఉంటే అది నూనె తీసేశాక మిగిలిన పిప్పి నుంచి సాల్వెంట్‌తో లాగి రిఫైన్ చేసింది, ఆలివ్ బొమ్మ చూసి మోసపోకు. పింక్ సాల్ట్ అంటే మన సైంధవ లవణమే, ఎక్కువగా పాకిస్తాన్‌లో ఖేవ్రా గనుల నుంచి వచ్చేది. రుచిలో పెద్ద తేడా లేదు, చాలావాటిలో అయోడిన్ కూడా కలపరు, రోజువారీ వంటకి మామూలు అయోడిన్ ఉప్పే ఉంచుకో.

గానుగ నూనె దగ్గర మాత్రం నేను డబ్బు పెడతాను. ఒక లెక్క చెప్తాను విను, చెక్క గానుగలో లీటరు పల్లీ నూనె రావాలంటే రమారమి రెండున్నర కిలోల పల్లీలు పోయాలి, కొంచెం అటూ ఇటూ. ఆ వారం పల్లీల కిలో రేటుని రెండున్నరతో గుణించు, కూలీ, కరెంటు, సీసా ఖర్చు కలుపు, నూనె తీశాక మిగిలిన పిండి చెక్క అమ్మితే వచ్చే డబ్బు తీసెయ్. అంతకంటే బాగా తక్కువకి ఎవరైనా గానుగ నూనె అమ్ముతుంటే అందులో ఇంకేదో కలిసింది. ఈ లెక్క నాకు ఒక గానుగాయనే చెప్పాడు, అప్పట్నుంచి కళ్ళెదుట ఆడించే చోటే కొంటున్నాను, నువ్వుల నూనె ఆడిస్తున్నప్పుడు ఆ వీధంతా వాసనే, దాంతో ఆవకాయ కలిపితే ఇంక చెప్పక్కర్లేదు.

తేనె గడ్డ కడితే చక్కెర కలిపారని పారేస్తారు చాలామంది, అది తప్పు, స్వచ్ఛమైన తేనె కూడా గడ్డ కడుతుంది, సీసాని గోరువెచ్చటి నీళ్ళలో పెడితే కరుగుతుంది. గ్లాసు నీళ్ళలో చుక్క వేసి చూసే పరీక్షలు నమ్మకు. బెల్లం కొంటే బంగారు రంగులో మెరిసేది కాకుండా ముదురు గోధుమరంగుది ఏరుకో, ఆ మెరుపు చాలాసార్లు హైడ్రోస్ అనే రంగు తేల్చే రసాయనం వేసి తెచ్చిందే, అనకాపల్లి వెళ్ళినప్పుడు ముదురు రంగు బెల్లం అడిగి మరీ తెచ్చుకుంటాను. కందిపప్పులో తాండూరుది ఒకసారి వండి చూడు, 2022లో జీఐ, అంటే ఫలానా ప్రాంతపు సరుకని ఇచ్చే గుర్తింపు, వచ్చింది దానికి, ముద్దపప్పు చేస్తే నీకే అర్థమవుతుంది. కాఫీ తాగేవాడివైతే అరకు అరబికా గింజలు, 2019లో జీఐ వచ్చింది, సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, ఆ చెట్లకే మిరియాల తీగలు పాకించి గిరిజన రైతులు పండిస్తారు. ప్యాకెట్ మీద రోస్ట్ చేసిన తేదీ ఉందో లేదో చూడు, లేకపోతే తీసుకోకు. పొడి కాదు, గింజలే కొని పావు కిలో చొప్పున ఆడించుకో. చికోరీ కాఫీకి అలవాటైన నోటికి మొదట పల్చగా అనిపిస్తుంది, ఒక వారం పాలు తగ్గించి తాగు.

చీజ్ గురించి క్లుప్తంగా: పొడి చేసి డబ్బాలో పోసింది వద్దు, చిన్న ముక్క కోయించుకుని, కోసేముందు కొంచెం రుచి చూపించమని అడుగు. అడగడానికి సిగ్గుపడకు.

ప్రశ్న: నిజామాబాద్ నుంచి ఒక్క రోజు పని మీద హైదరాబాద్ వస్తున్నాం, నేనూ మా ఫ్రెండూ. బిర్యానీ ఎలాగూ తింటాం, అది కాకుండా ఏం తినాలి?
— ఒక డిగ్రీ స్టూడెంట్

తెల్లవారుజామున దిగుతారు కదా, సూర్యుడు రాకముందే నాంపల్లి వైపు రామ్ కీ బండీ దగ్గర నిలబడండి, వెన్న కారే దోశ, ఆ టైమ్‌లో అక్కడ జనాన్ని చూస్తే నగరం అసలు పడుకుందా అనిపిస్తుంది. తర్వాత చార్మినార్. పక్కనే నిమ్రాలో ఇరానీ చాయ్ తీసుకుని బయట నిలబడి చార్మినార్‌ని చూస్తూ తాగండి. అది మన ఇంటి టీ కాదు, డికాక్షన్ మూత బిగించి వేరే గిన్నెలో చాలాసేపు మగ్గుతుంది, పాలు వేరే మరిగి మరిగి చిక్కబడతాయి, రెండూ కప్పులోనే కలుస్తాయి. ఉస్మానియా బిస్కట్ అందులో ముంచి తినాలి, ఉప్పూ తీపీ రెండూ తగలాలి, ఎక్కువసేపు ముంచితే కప్పు అడుగున వెతుక్కోవాలి.

మధ్యాహ్నం పని అయ్యాక మొజంజాహీ మార్కెట్. 1935లో రాతితో కట్టింది, ఏడో నిజాం రెండో కొడుకు మొజం జా పేరు పెట్టారు, ఈమధ్య బాగుచేసి మళ్ళీ అందంగా చేశారు. అక్కడ సీజన్ పండుతో చేసిన ఐస్‌క్రీమ్ తినండి, ఎండాకాలమైతే మామిడి, చలికాలం మొదట్లో వస్తే సీతాఫలం, ఏ సీజన్‌లో వస్తే అదే అడగండి, వేరేది అడగొద్దు. రంజాన్ నెలలో వస్తే ఇదంతా పక్కన పెట్టి సాయంత్రం హలీమ్.

ప్రశ్న: అక్కా, మేం బే ఏరియాలో ఉంటాం. ఇండియన్ స్టోర్లో గోంగూర ఎప్పుడూ వాడిపోయి, రేటు మండిపోతూ ఉంటుంది. ఇక్కడి ఫార్మర్స్ మార్కెట్లకి వెళ్తే అన్నీ స్ట్రాబెర్రీలు, కేల్ ఆకులే. మనవి దొరికే దారి ఉందా?
— ఒక చెల్లెలు, కాలిఫోర్నియా

ఉందమ్మా, పేరు తెలియక పక్క నుంచే వెళ్ళిపోతున్నావు. రెండేళ్ళ కిందట మా అమ్మాయి దగ్గర ఆరు నెలలున్నాను, ప్రతి వారాంతం నాకు అదే పని. మీ దగ్గర ఫ్రెస్నో చుట్టుపక్కల నుంచి మాంగ్ రైతు కుటుంబాలు సరుకు తెస్తుంటాయి, లావోస్ నుంచి శరణార్థులుగా వచ్చి అక్కడ సాగు చేసుకుంటున్నవాళ్ళు, వాళ్ళ స్టాల్ కనిపిస్తే వదలకు. మన తోటకూరని చైనావాళ్ళు యిన్ చోయ్ అంటారు, సొరకాయ ఫిలిప్పీన్స్‌వాళ్ళ ఓపో, మునగాకు వాళ్ళ మలుంగాయ్, బచ్చలి వాళ్ళకే అలుగ్‌బాటీ. గోంగూర బర్మావాళ్ళ ప్రాణం, చిన్ బౌంగ్ అంటారు, మనలాగే పులుపు కూర వండుకుంటారు, వాళ్ళ స్టోర్ దగ్గర్లో ఉంటే అడుగు. బీరకాయ కూడా దొరుకుతుంది, కాస్త పొడుగ్గా, గట్టి కణుపులతో ఉంటుంది, పైన చెక్కు తీసి పచ్చడి చేస్తే మన పచ్చడే.

సర్టిఫైడ్ ఫార్మర్స్ మార్కెట్ అని ఉన్న చోటికి వెళ్ళు. మీ రాష్ట్రంలో అక్కడ కూరగాయలు, పళ్ళు పండించినవాళ్ళే అమ్మాలి, ఏమేం పండిస్తారో కౌంటీ వ్యవసాయ అధికారి ఇచ్చిన సర్టిఫికెట్ స్టాల్ దగ్గర పెట్టి ఉంటుంది, మన రైతుబజార్ కార్డులాంటిదే. ఒక పెద్దావిడ దగ్గర నాకు భాష రాలేదు, ఆవిడకి నా భాష రాలేదు, తోటకూర కాడలు పట్టుకుని ఇవి పప్పులో వేస్తాం అని చేతులతో చూపించాను, మరుసటి వారం లేత కాడలు నా కోసం పక్కన పెట్టి ఉంచింది. ఎర్ర గోంగూర విత్తనాలు దొరికితే అలాంటి వాళ్ళకి ఇచ్చి వేయమని అడుగు, నాలుగు కుటుంబాలు కలిసి కొంటామంటే వేస్తారు.

ప్రశ్న: నా వయసు 58. మావారు పోయి రెండేళ్ళు. పిల్లలు దూరం. నాకు పెసరట్టు ఉప్మా అంటే చాలా ఇష్టం, ఒక్కదాని కోసం రుబ్బుకోబుద్ధి కాదు. మా వీధి చివర టిఫిన్ హోటల్ ఉంది, కానీ ఒంటరిగా వెళ్ళి కూర్చుంటే ఎవరేమనుకుంటారో అని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను, రెండుసార్లు.
— పేరు వద్దు, రాజమండ్రి

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను వదినా. వదినా అన్నానని ఏమనుకోకండి, మాదీ గోదావరి ఒడ్డే. మా అమ్మ కూడా అంతే, అరవై దాటేదాకా బయట ఒంటరిగా కాఫీ కూడా తాగలేదు, ఎవరో ఒకరు తోడుండాలి, లేకపోతే ఆకలిని అలాగే ఇంటికి మోసుకొచ్చేది. ఒకరోజు ఆస్పత్రికి వెళ్ళి ఆలస్యమై, బస్టాండ్ పక్క హోటల్లో ఒక్కతే కూర్చుని రెండు ఇడ్లీ, ఒక కాఫీ తీసుకుందట. ఇంటికొచ్చి మాకు ఆ ఇడ్లీ గురించి చెప్పలేదు, "నా కాఫీ చల్లారిపోలేదే" అంది. ఇంట్లో ఆవిడ కాఫీ ఎప్పుడూ అందరికీ ఇచ్చాకే, అప్పటికి చల్లారేది. ఆ మాట నాకింకా చెవుల్లో ఉంది.

పదిన్నరకి వెళ్ళండి. ఆఫీసుల హడావిడి అప్పటికి తగ్గుతుంది, టేబుల్ ఖాళీగా ఉంటుంది, సర్వర్‌కి మీ మాట వినే తీరిక ఉంటుంది. గోడవైపు కాదు, వీధి కనిపించేవైపు కూర్చోండి. పెసరట్టు పల్చగా, ఎర్రగా కాల్చమని, ఉల్లి పచ్చిమిర్చి జీలకర్ర పైన చల్లి, ఉప్మా లోపల పెట్టి మడవమని చెప్పండి, విడిగా ఇస్తే చల్లారుతుంది. మొదటిరోజు కూర్చోబుద్ధి కాకపోతే డబ్బాలో కట్టించుకోండి, అది ఓడిపోవడం కాదు, రేపు మళ్ళీ వెళ్ళొచ్చు. నాలుగోసారికి మిమ్మల్ని చూడగానే పెనం మీద పిండి వేసేస్తారు.

తిన్నాక నాకు ఉత్తరం రాయండి, అల్లప్పచ్చడిలో బెల్లం సరిపోయిందో లేదో కూడా రాయండి.